వారెన్స్‌బర్గ్ గురించి మీరడిగినవి

ఈమధ్య ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజీల్లో ఒకే ఊరి పేరు పదే పదే కనబడుతోంది. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో ఉన్న వారెన్స్‌బర్గ్. నల్లగొండ, పాలమూరు వైపు నుంచి ఎమ్మెస్‌కు పోయే పిల్లలు చాలామంది అక్కడి యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరిలో, అదే యూసీఎంలో చేరుతున్నారు కాబట్టి ఇళ్లల్లో ఈ పేరు నలుగుతోంది. ఫీజు ఎంత, వీసా ఎట్లా అనేది కన్సల్టెన్సీ వాళ్లు చెప్తారు. ఆ ఊరు ఎట్లా పుట్టింది, ఎట్లా పెరిగింది అనేది మాత్రం వాళ్ల దగ్గర దొరకదు. పిల్లలు రెండేళ్లు ఉండబోయే ఊరి గురించి ఇంట్లోవాళ్లకు కొంతైనా తెలిసి ఉండాలని నా గట్టి నమ్మకం, అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఊరికే ఇచ్చేశాను.

ప్రశ్న: మా అబ్బాయికి యూసీఎంలో సీటొచ్చింది. మ్యాప్‌లో చూస్తే చుట్టూ పొలాలే కనిపిస్తున్నాయి, మా బామ్మర్ది అది పల్లెటూరు బావా అంటున్నాడు. పేరున్న యూనివర్సిటీ అయితే పెద్ద సిటీలో ఉండాలి కదా, అంత చిన్న ఊళ్లో ఎందుకు పెట్టినట్టు? టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, మిర్యాలగూడ

టెన్షన్ పడకండి. మీ బామ్మర్ది గారు ఊరి సైజు సరిగ్గానే చెప్పారు, 2020 లెక్కల్లో వారెన్స్‌బర్గ్ జనాభా 19,337. అంటే మన దేవరకొండ అంత కూడా లేదు. కానీ అమెరికా మధ్య రాష్ట్రాల్లో యూనివర్సిటీలు ఇట్లాంటి ఊళ్లల్లోనే ఎక్కువగా ఉండటానికి ఒక కారణం ఉంది, అది తెలిస్తే మీ భయం సగం పోతుంది.

1861 నుంచి 1865 దాకా అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం జరిగింది. మిస్సోరి రెండుగా చీలిపోయింది, పక్క పక్క ఇళ్లవాళ్లే చెరో వైపు నిలబడి కొట్టుకున్నారు. యుద్ధం అయిపోయాక సర్కారు బడులు పెట్టాలంటే పాఠాలు చెప్పేవాళ్లు లేరు. అందుకని రాష్ట్రాన్ని ప్రాంతాలుగా విడగొట్టి టీచర్లను తయారుచేసే కాలేజీలు మొదలుపెట్టారు, వాటిని నార్మల్ స్కూల్ అనేవాళ్లు. మన లెక్కలో చెప్పాలంటే టీచర్ ట్రైనింగ్ కాలేజీ. మొదటి ప్రాంతానిది ఉత్తరాన కర్క్స్‌విల్‌కు పోయింది, రెండోది 1871లో వారెన్స్‌బర్గ్‌కు వచ్చింది. ఊరికే రాలేదు. జాగా మేమిస్తాం, పైసలు మేమిస్తాం అని ఊళ్లు పోటీ పడిన రోజులవి, మెడికల్ కాలేజీ మా జిల్లాకే రావాలని ఇప్పుడు మన దగ్గర ఎట్లా పట్టుబడతారో అట్లాగే.

పల్లెల్లో వ్యవసాయం చేసుకునేవాళ్ల పిల్లలు ఇంటి నుంచే వచ్చి చదువుకోవాలి, చదివి మళ్లీ ఆ పల్లె బడుల్లోనే పాఠం చెప్పాలి. కాలేజీని చిన్న ఊళ్లో పెట్టడం వెనక ఉన్న ఆలోచన ఇదే. తర్వాత అది పెరుగుతూ పోయింది. 1919లో టీచర్స్ కాలేజీ అయింది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పేరులో టీచర్స్ అనే మాట పోయింది, 1972లో యూనివర్సిటీ అయింది, ఇప్పుడున్న పేరు 2006లో పెట్టుకున్నారు. ఇన్ని పేర్లు చూసి కొందరు ఇది కొత్తగా పుట్టిన కాలేజేమో అనుకుంటున్నారు. కాదండీ, నూటయాభై ఏళ్లు దాటిన సంస్థ. మన మహాత్మా గాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి, వాటితో పోల్చి చూసుకోండి.

దూరం కూడా రాస్తున్నాను. పెద్ద సిటీ అయిన కాన్సాస్ సిటీకి కారులో సుమారు గంట. నల్లగొండ నుంచి పట్నం ఎంత దూరమో ఇంచుమించు అంతే అనుకోండి.

ప్రశ్న: ఆ ఊరు ఒకప్పుడు వేరేచోట ఉండేదని, తర్వాత జరిగి వచ్చిందని మా సీనియర్ చెప్పాడు. నిజమేనా? – డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

నిజమే. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగి ఊళ్లకు ఊళ్లు లేచిపోవడం కొల్లాపూర్, అలంపూర్ వైపు జనం కళ్లారా చూశారు. అక్కడ మునక లేదు, రైలు కోసం ఊరే నడిచివచ్చింది.

1830లలో మార్టిన్ వారెన్ అనే కమ్మరి అక్కడ కొలిమి పెట్టుకున్నాడు. బండి చక్రం విరిగినా గుర్రానికి నాడా ఊడినా జనం ఆయన దగ్గరికే పోయేవాళ్లు, అట్లా ఆయన పేరే ఊరికి వచ్చింది. 1834లో జాన్సన్ కౌంటీ ఏర్పడింది, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 1836లో వారెన్స్‌బర్గ్‌ను దానికి హెడ్‌క్వార్టర్ చేశారు. గుట్ట మీద చిన్న కోర్టు కట్టారు, దాని చుట్టూ దుకాణాలు వెలిశాయి. ఊరు అదే.

1864లో సెయింట్ లూయిస్ నగరం వైపు నుంచి పసిఫిక్ రైల్‌రోడ్ వచ్చింది, అప్పటికి ఇంకా యుద్ధం నడుస్తూనే ఉంది. పట్టాలు పాత ఊరిని తాకకుండా తూర్పుగా పోయాయి. ఇంకేముంది, వ్యాపారం చేసేవాళ్లు ఒక్కొక్కరే స్టేషన్ దగ్గరికి మకాం మార్చారు. ధాన్యం, పశువులు, బొగ్గు, అన్నీ రైలెక్కే కాలం అది, స్టేషన్‌కు దూరంగా కూర్చుంటే బేరం ఎవరిస్తారు? పాత ఊరు, కొత్త ఊరు అని రెండయ్యాయి, చివరికి కోర్టు కూడా కొత్త ఊరికే వచ్చేసింది. ఇప్పుడు ఊరి మధ్యలో కనిపించే పెద్ద రాతి కోర్టు 1890లలో కట్టినది.

ఊరి చుట్టుపక్కల మంచి ఇసుకరాయి దొరికేది. దాన్ని క్వారీల్లో తవ్వి రైళ్లల్లో బయటి ఊళ్లకు పంపేవాళ్లు. ఆ కాలపు రాతి స్టేషన్ ఇప్పటికీ నిలబడి ఉంది. కాన్సాస్ సిటీ, సెయింట్ లూయిస్ మధ్య తిరిగే మిస్సోరి రివర్ రన్నర్ అనే ప్యాసింజర్ రైలు అక్కడ ఆగుతుంది. అమెరికాలో ఇంత చిన్న ఊరికి ప్యాసింజర్ రైలు ఉండటం అరుదు, కారు లేని మన పిల్లలకు చాలా పనికొస్తుంది.

ఊరి దక్షిణాన పర్టిల్ స్ప్రింగ్స్ అని ఊటలున్న చోటు ఒకటి ఉంది. ఆ నీళ్లు తాగితే రోగాలు పోతాయని నమ్మి 1880ల నుంచి జనం రైళ్లల్లో దిగేవాళ్లు, హోటల్ కట్టారు, ఊరి నుంచి అక్కడికి చిన్న ఆవిరి బండి కూడా నడిపారు. ఆ సందడి ఎప్పుడో పోయింది. ఆ జాగా ఇప్పుడు యూనివర్సిటీది, చెరువు, చెట్లు, గోల్ఫ్ మైదానం ఉన్నాయి. సాయంత్రం నడకకు బాగుంటుంది.

ప్రశ్న: కోర్టు ముందు కుక్క విగ్రహం ఉందట కదా! జడ్జి విగ్రహమో నాయకుడి విగ్రహమో కాకుండా కుక్కకు ఎందుకు పెట్టారు సార్? పిల్లలకు క్లాసులో చెప్దామని అడుగుతున్నా. – ఉపాధ్యాయుడు, వనపర్తి

మాష్టారూ, ఇది తప్పకుండా చెప్పండి, పిల్లలు మర్చిపోరు.

ఆ కుక్క పేరు ఓల్డ్ డ్రమ్. వేట కుక్క. దాని యజమాని చార్లెస్ బర్డెన్. పక్కన లియొనిడాస్ హార్న్స్‌బీ అని గొర్రెలు పెంచే రైతు ఉన్నాడు, ఇద్దరూ వరసకు బావా బామ్మర్దులు కూడా. కుక్కలు పడి గొర్రెల్ని చంపుతుంటే హార్న్స్‌బీ విసిగిపోయి, ఇకమీదట నా జాగాలోకి ఏ కుక్క వచ్చినా కాల్చేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. 1869 అక్టోబర్‌లో ఒక రాత్రి ఒక కుక్క వచ్చింది, కాల్చమని పక్కనున్న కుర్రాడికి చెప్పాడు. తెల్లారి బర్డెన్ వెతుక్కుంటూ పోతే వాగు దగ్గర డ్రమ్ చచ్చిపడి ఉంది.

బర్డెన్ కేసు వేశాడు. గొర్రెలు పోయినవాడి బాధ, కుక్క పోయినవాడి బాధ, రెండూ నిజమే కాబట్టి కేసు ఎటూ తేలలేదు. ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు తిరిగి తిరిగి 1870 సెప్టెంబర్‌లో వారెన్స్‌బర్గ్ పాత ఊళ్లో, ఇందాక చెప్పిన ఆ గుట్ట మీది కోర్టులో చివరి విచారణ జరిగింది. బర్డెన్ తరఫున జార్జ్ గ్రాహం వెస్ట్ అనే లాయర్ లేచి, సాక్ష్యాల జోలికి పోకుండా కుక్క మనిషికి చూపించే విశ్వాసం గురించి మాట్లాడాడు. పైసా పోయినా, పేరు పోయినా, చుట్టాలు మొహం తిప్పుకున్నా అది మాత్రం వదిలిపెట్టదన్నాడు. జ్యూరీ, అంటే మామూలు జనంలోంచి ఎంచిన తీర్పరుల బృందం, బర్డెన్ వైపు తీర్పిచ్చింది. దక్కింది 50 డాలర్లు. హార్న్స్‌బీ రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా పోయినా తీర్పు మారలేదు. కుక్క మనిషికి ఆప్తమిత్రుడు అనే మాట అమెరికాలో ఇంతగా పాతుకుపోవడానికి ఈ ప్రసంగమే కారణమని చెప్పుకుంటారు. విగ్రహం 1958లో పెట్టారు.

పెద్ద క్లాసు పిల్లలకైతే ఇంకొకటి కూడా చెప్పండి. ఆ కుక్క కేసు వాదించిన లాయర్లలో వెస్ట్, ఎదుటి పక్షం లాయర్ ఫ్రాన్సిస్ కాక్రెల్ ఇద్దరూ తర్వాత మిస్సోరి నుంచి అమెరికా సెనేటర్లయ్యారు, కాక్రెల్‌తో పాటు వాదించిన థామస్ క్రిటెండెన్ ఆ రాష్ట్రానికి గవర్నర్ అయ్యాడు. వెస్ట్, కాక్రెల్ ఇద్దరూ యుద్ధంలో ఓడిన దక్షిణాది పక్షంవాళ్లు. యుద్ధం ముగిసిన అయిదేళ్లకే తుపాకులు పక్కనపెట్టి ఒక కుక్క కోసం కోర్టులో మాటలతో కొట్లాడుకున్నారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఆ పాత కోర్టు ఇప్పటికీ ఉంది, స్థానిక చరిత్ర సంఘం వాళ్లు మ్యూజియంలా చూసుకుంటున్నారు. మీ వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తోంది కదా, పాత కట్టడాన్ని పడగొట్టకుండా వాడుకోవడం విలువ మీ ఊరివాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు.

ప్రశ్న: మా పాప అక్కడికే పోతోంది. 2025లో ఇరాన్ మీద బాంబులు వేసిన విమానాలు ఆ ఊరి పక్కనుంచే లేచాయని టీవీలో చెప్పారు. అట్లాంటి చోట ఆడపిల్ల ఉండొచ్చా అన్నా? – ఒక తల్లి, జడ్చర్ల

అక్కా, టీవీలో చెప్పింది నిజమే. వారెన్స్‌బర్గ్‌కు తూర్పున కాస్త దూరంలో నాబ్ నాస్టర్ అనే చిన్న ఊరి దగ్గర వైట్‌మన్ ఎయిర్‌ఫోర్స్ బేస్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1942లో గ్లైడర్ల, అంటే ఇంజన్ లేని విమానాల, శిక్షణకు పెట్టారు. జపాన్ చేసిన పెర్ల్ హార్బర్ దాడిలో చనిపోయిన జార్జ్ వైట్‌మన్ అనే ఆ ప్రాంతపు పైలట్ పేరు 1955లో పెట్టారు. 1960లలో చుట్టుపక్కల పొలాల కింద అణు క్షిపణులు ఉంచారు, రష్యాతో ఒప్పందాల తర్వాత 1990లలో తీసేశారు. 1993 డిసెంబర్‌లో మొదటి బీ-2 బాంబర్ దిగింది, అప్పటి నుంచి ఆ నల్లటి రెక్కల విమానాలకు ఇల్లు అదే. 2025 జూన్‌లో ఇరాన్ మీదికి పోయినవి అక్కడి నుంచే లేచాయి.

పాప ఉండేది బేస్‌లో కాదు, కాలేజీ ఊళ్లో. బేస్‌లో పనిచేసే కుటుంబాలు కొన్ని వారెన్స్‌బర్గ్‌లోనే ఇళ్లు తీసుకుని ఉంటాయి, వాళ్ల పిల్లలు ఆ ఊరి బడుల్లోనే చదువుతారు. ఊరి కిరాణా కొట్లు, కిరాయి ఇళ్లు నడిచేది సగం కాలేజీ మీద, సగం ఈ బేస్ మీద. ఒకటి నెమ్మదిస్తే ఇంకొకటి ఊరిని నిలబెట్టింది కాబట్టే, మధ్య రాష్ట్రాల్లో ఎన్నో చిన్న ఊళ్లు ఖాళీ అవుతుంటే ఇది మాత్రం 2010 నుంచి 2020కి కొంచెం పెరిగింది, అప్పుడు 18,838 ఉండేది.

నేనైతే బాంబర్లకన్నా వాతావరణం గురించి పాపకు జాగ్రత్త చెప్తాను. ఎండాకాలం ముందు టోర్నడోలు అనే భీకరమైన సుడిగాలులు వస్తాయి, సైరన్ మోగితే ఫోన్‌లో వీడియో తీస్తూ నిలబడకుండా కింది అంతస్తులోకి, కిటికీలు లేని గదిలోకి పోవాలి. చలికాలం మంచు. మంచి బూట్లు ఇక్కడ కొని పంపకండి, ఇక్కడ దొరికేవి ఆ చలికి ఆగవు, అక్కడే కొనుక్కోమనండి.

ఇంకొక మాట. సీటు పేపర్లలో వారెన్స్‌బర్గ్ అని ఉన్నా, కంప్యూటర్ సైన్స్ లాంటి కోర్సుల క్లాసులు కొన్ని లీస్ సమిట్ క్యాంపస్‌లో జరుగుతాయి. అది వారెన్స్‌బర్గ్‌కు, కాన్సాస్ సిటీకి మధ్య ఉంటుంది, కారు లేకపోతే రెండింటి మధ్య తిరగడం కష్టం. పాప క్లాసులు ఏ క్యాంపస్‌లోనో యూనివర్సిటీకి మెయిల్ పెట్టి కనుక్కున్నాకే ఇల్లు కిరాయికి మాట్లాడుకోమనండి, సీనియర్ల మాట మీద అడ్వాన్స్ కట్టొద్దు.

ప్రశ్న: అక్కడ చదువుకుని గొప్పవాళ్లైనవాళ్లు ఉన్నారా? – లెక్చరర్, నాగర్‌కర్నూల్

మన బస్టాండ్ పుస్తకాల షాపుల్లో కూడా ఫొటో కనిపించే రచయిత డేల్ కార్నెగీ అక్కడి విద్యార్థే. పేద రైతు కొడుకు. కాలేజీలో ఫీజు లేదు కానీ ఊళ్లో గదికి, తిండికి పైసలు లేవు, అందుకని ఇంటిల్లిపాదీ వారెన్స్‌బర్గ్ దగ్గర పొలానికి మారితే రోజూ గుర్రం మీద కాలేజీకి వచ్చేవాడు. ఆటల్లో రాణించేంత బలం లేదు, వేసుకోవడానికి సరైన బట్టలు లేవు. అప్పట్లో వక్తృత్వ పోటీలో గెలిచినవాడికి కాలేజీలో మంచి గౌరవం ఉండేదని చూసి ఆ దారి పట్టాడు. మొదట్లో వరసగా ఓడిపోయాడు, తర్వాత గెలవడం మొదలైంది. 1908లో అక్కడి చదువు ముగించాడు, ఆ తర్వాత ప్రపంచానికే మాట్లాడటం నేర్పాడు.

బాస్కెట్‌బాల్ తెలిసినవాళ్లకు ఫాగ్ అలెన్ పేరు తెలుస్తుంది, ఆయన 1912 నుంచి 1919 దాకా అక్కడ కోచ్. 1984లో ఆ యూనివర్సిటీ మగపిల్లలు, ఆడపిల్లలు ఒకే ఏడాది జాతీయ స్థాయి రెండో డివిజన్ కప్పులు రెండూ గెలిచారు.

కానీ నాకు అందరికన్నా ముఖ్యమనిపించే మనిషికి ఆ కాలేజీలో సీటు దొరికేది కాదు. జాన్ విలియం బూన్. 1864లో నల్లజాతి తల్లికి పుట్టాడు, పసితనంలో మెదడు జ్వరం వస్తే ప్రాణం నిలపడానికి రెండు కళ్లూ తీసేశారు. తల్లి వారెన్స్‌బర్గ్‌లో ఇళ్లల్లో బట్టలుతికి, పనులు చేసి పెంచింది. పిల్లవాడు ఒకసారి విన్న పాటను అట్లాగే వాయించేవాడు. ఊరి పెద్దలు పూనుకుని సెయింట్ లూయిస్ అంధుల బడికి పంపారు, కుక్క కేసు లాయర్ కాక్రెల్ కూడా అందులో ఉన్నాడు. పియానో అక్కడ పట్టుకున్నాడు. బ్లైండ్ బూన్ పేరుతో దేశమంతా తిరిగి కచేరీలు చేసి, 1927లో పోయాడు.

ఆ పిల్లవాడికి చేయి అందించిన ఊరే నల్లవాళ్ల పిల్లల్ని కాలేజీలో చేర్చుకోలేదు, రాష్ట్ర చట్టమే అట్లా ఉండేది. బడుల్లో నల్లవాళ్లను విడిగా ఉంచకూడదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాకే తలుపులు తెరుచుకున్నాయి. అదే 1954లో బూన్ పేరు మీద ఊళ్లో పార్కు పెట్టారు, అదీ నల్లవాళ్లకు విడిగా కేటాయించిన పార్కే. తర్వాత పట్టించుకునేవాళ్లు లేక పాడుబడింది, ఊరివాళ్లు స్వచ్ఛందంగా పూనుకుని మళ్లీ బాగుచేసుకున్నారు. ఊరిని పొగిడేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. ఊరికి బయట బావి, వేరే గ్లాసు అంటే ఏమిటో తెలిసిన నేల మనది, మన పిల్లలకు ఇది చెప్తే వెంటనే అర్థమవుతుంది.

ప్రశ్న: కాలేజీ బొమ్మగా కంచరగాడిదను ఎందుకు పెట్టుకున్నారు? – సూర్యాపేట

మిస్సోరి కంచరగాడిదలకు పేరున్న రాష్ట్రం, మొదటి ప్రపంచ యుద్ధానికి కూడా అక్కడి నుంచే వేలల్లో పోయాయి. మోస్తుంది, మొండిగా నిలబడుతుంది. రైతుబిడ్డల కాలేజీకి ఆ బొమ్మ సరిగ్గా సరిపోయింది. మగపిల్లల జట్టు మ్యూల్స్, అంటే కంచరగాడిదలు, ఆడపిల్లల జట్టు జెన్నీస్, అంటే ఆడగాడిదలు.

ప్రశ్న: మన పిల్లలు పోవడం వల్లే ఆ ఊరు బతుకుతోందని మా దోస్తులు అంటున్నారు. మీరేమంటారు? – ఇంజనీరింగ్ ఫైనలియర్, నల్లగొండ

మన పిల్లలు కట్టే ఫీజు ఆ యూనివర్సిటీకి అవసరమే, అందులో సందేహం లేదు. అయినా బతికిస్తున్నాం అనే మాట నేను ఒప్పుకోను తమ్ముడూ. 1915 మార్చిలో ఆ కాలేజీకి నిప్పంటుకుని క్యాంపస్ దాదాపు అంతా బూడిదైంది. డాకరీ జిమ్నాజియం అనే ఒక్క భవనం తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. ఇంకో ఊరైతే కాలేజీ లేచిపోయేది. అక్కడివాళ్లు పోనివ్వలేదు, మళ్లీ కట్టుకున్నారు. రెండో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు సర్కారు ఫీజు కట్టినప్పుడు అట్లాంటి కాలేజీలన్నీ ఒక్కసారిగా నిండాయి, ఆ తర్వాత విమానం నడిపే కోర్సు పెట్టారు, సొంత విమానాశ్రయమే ఉంది. మనం పోయింది ఇదంతా జరిగాక.

ఒకటి మాత్రం నీకు గట్టిగా చెప్తాను. ఊరు చిన్నది కాబట్టి క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ పనులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. చదువుకునే వీసా మీద క్యాంపస్‌లో అయినా క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే చేయాలి. బయట గ్యాస్ స్టేషన్‌లో చేతికి డబ్బులిస్తారని ఎవరో చెప్తే నమ్మి పోవద్దు, దొరికితే చదువూ వీసా రెండూ పోతాయి. మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూసుకున్నాకే ఫ్లైటెక్కు. ఇంట్లో పొలం తాకట్టు పెట్టాల్సి వస్తే, ఎంత అప్పు, ఎంత మిత్తి, ఎన్నేళ్లలో తీరుతుంది అని నాన్నతో కూర్చుని కాగితం మీద లెక్క రాసుకో. ఆ లెక్క కుదరకపోతే ఒక ఏడాది ఇక్కడ ఉద్యోగం చేసి పోవచ్చు, సీటు వచ్చే ఏడాదికి మార్చుకోవడం గురించి యూనివర్సిటీనే నేరుగా అడుగు.